గోలు పక్కన ముందు వరుస

అక్టోబర్ 12, ఆదివారం

మేగన్ నా ప్లాన్‌కి ఒప్పుకుంది! మీటింగులో అందరి ముందూ "వర్షిణీ, దిస్ ఈజ్ స్మార్ట్" అంది. లండన్ వచ్చి ఏడాది దాటింది. ఈ ఊళ్లో నన్ను ఎవరైనా స్మార్ట్ అనడం ఇదే మొదటిసారి. (ఈ లండన్ కెనడాలో ఉన్న లండన్ అని మా మేనత్తకి ఇప్పటికీ ఎక్కలేదు. రాణీగారి కోట చూశావా అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది.)

ప్లాన్ అంత గొప్పదేమీ కాదు. మా కాలేజీ లాక్రాస్ (వల కర్రలతో ఆడే బంతి ఆట) క్లబ్బు మ్యాచ్‌లకు సీజనంతా టికెట్ అంటూ లేదు. గేటు దగ్గర నేనో, క్లబ్బులో నాతో పనిచేసే నిశాంతో ఒక ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని నిలబడతాం. ఐదు డాలర్లు వేసేవాళ్లు వేస్తారు, వేయనివాళ్లు నవ్వేసి లోపలికి పోతారు. ఇప్పుడు ప్లేఆఫ్స్. సెమీఫైనల్, ఫైనల్ రెండూ మా గ్రౌండ్‌లోనే, పక్క ఊళ్ల నుంచి కూడా జనం వస్తారు. సూర్యాపేటలో మా నాన్న ఇరవై ఏళ్లు సినిమా హాలు మేనేజర్. పెద్ద హీరో సినిమాకి మొదటి రోజు ఒక రేటు, రెండో వారం ఒక రేటు అని ఎక్కాలకంటే ముందే నేర్చుకున్నదాన్ని. అదే ఇక్కడ పెట్టాను. ప్రతి సీటుకీ ఒక నంబరు. ముందు వరుసకి నలభై డాలర్లు, వెనక వాటికి ఇరవై ఐదు. సీట్లు నిండేకొద్దీ రేటు దానంతట అదే పెరుగుతుంది. బకెట్ ఇక రిటైరైపోయింది.

మేగన్ ఈ పోటీలు నడిపే లీగ్ మనిషి. డిసెంబర్‌లో నా ప్లేస్‌మెంట్ (కోర్సులో భాగంగా క్లబ్బులో చేసే పని) అయిపోయాక లీగ్ ఆఫీసులో ఒకే ఒక్క ఉద్యోగం ఖాళీ ఉంది. అది వస్తే పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోవడానికి, దారి పడుతుంది. రాకపోతే ఏమిటన్నది ఇవాళ రాయను, చాలా సంతోషంగా ఉన్నాను.

అక్టోబర్ 15, బుధవారం

"వర్షిణీ, ఒక్కసారి పైకి రా తల్లీ" అని అన్నపూర్ణ ఆంటీ మెట్ల మీంచి పిలిచారు. బుధవారం ఆ పిలుపుకి కూర అయిందని అర్థం. ఇవాళ దొండకాయ వేపుడు. వాళ్ల బేస్‌మెంట్లో అద్దెకి దిగినప్పటి నుంచి బుధవారం నేను వండుకున్నది లేదు.

త్యాగరాజు అంకుల్ సోఫాలో ఫోన్ చెవికి ఆనించుకుని వార్తలు వింటున్నారు. ఈ ఊరి మంచినీళ్ల పైపుల సంగతంతా ముప్ఫై ఏళ్లు చూసిన ఇంజనీరు, ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ముఖం పోల్చుకోలేరు. చూపు మధ్యలో మచ్చ పడిందట. అంచుల్లో ఏదో కదిలినట్టు తెలుస్తుంది, అంతే.

"టికెట్లు పెట్టారటగా అమ్మా ప్లేఆఫ్స్‌కి?"

"అవునంకుల్."

"మంచి పని. పిల్లలు బస్సు ఖర్చులు కూడా సొంత డబ్బులే పెట్టుకుంటున్నారు పాపం. మరి మా గుంపు సంగతేమిటి?"

గుంపంటే నలుగురు. అంకుల్, ఆంటీ, పక్క వీధి కోదండరామ్ గారు, ఆయన భార్య లక్ష్మమ్మ గారు. అంకుల్ వాళ్ల మనవడు తనీష్ మా టీమ్‌కి గోలీ, అంటే గోలు కాసేవాడు. వాడి అమ్మానాన్న వాంకూవర్లో ఉంటారు. వాడు నాలుగేళ్లుగా తాత దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు, ఇదే ఆఖరి సీజన్. లాక్రాస్‌లో గోలీ నోరు మూసుకుని నిలబడితే కుదరదు. బాల్ ఎక్కడుందో, ఎవరు ఎటు జరగాలో తన వాళ్లకి అరిచి చెబుతూనే ఉండాలి. అంకుల్ వచ్చేది ఆ అరుపుల కోసం. గోలు పక్కనే ముందు వరుసలో కూర్చుని మనవడి గొంతు వింటారు, మిగతాది ఆంటీ చెవిలో చెబుతుంటారు. ఒక్కో క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) అయ్యాక టీములు వైపులు మారతాయి కదా, అప్పుడు ఈ నలుగురూ దుప్పట్లు, ఫ్లాస్కు, పులిహోర డబ్బా ఎత్తుకుని గ్రౌండ్ అవతలి చివరికి బయల్దేరతారు. వాళ్లు దాటేదాకా రిఫరీ కూడా నవ్వుతూ చూస్తుంటాడు.

"మీరు రండి అంకుల్. టికెట్ల సంగతి నేను చూసుకుంటా" అన్నాను.

"ఊరికే పిల్లని ఇబ్బంది పెడతారు మీరు" అని ఆంటీ ఆయన్ని కసిరారు.

ఇబ్బందేముంది, నాలుగు సీట్లు. కిందికి రాగానే గోలు పక్కన ముందు వరుసలో నాలుగు సీట్లు అమ్మకానికి వెళ్లకుండా ఆపి పెట్టాను.

అక్టోబర్ 24, శుక్రవారం

అమ్మకాలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికే ఒక మెట్టు రేటు పెరిగింది. మేగన్ ఫోన్లో చప్పట్ల బొమ్మలు పంపింది. నిశాంత్ మాత్రం "గింత రేటా అక్కా, ఆడేటోళ్ల ఇంటోళ్లు గూడ కొనాల్నా?" అన్నాడు. ఆడేవాళ్లకి తలా రెండు టికెట్లు ఫ్రీ ఇచ్చాం, అది చాలదా? తనీష్ తన రెండూ లైబ్రరీలో పనిచేసే ఫ్రెండ్స్‌కి ఇచ్చేశాడు. తాత వాళ్లకి నేను ఉన్నానుగా అని వాడి ధీమా.

అక్టోబర్ 31, శుక్రవారం

సెమీఫైనల్ రేపే. అవతలి కాలేజీ పాత విద్యార్థుల సంఘం ఒకటి ఉంది, డబ్బున్నవాళ్లు. గోలు పక్కన ముందు బ్లాకు మొత్తం కావాలని మెయిల్ పెట్టారు, రేటు ఎంతైనా సరేనట. మేగన్ నా పక్కన నిలబడి స్క్రీన్ చూసింది.

"ఈ నాలుగూ ఎందుకు ఆపారు? ఎవరివి?"

"ఎవరివీ కావు" అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. మా ఇంటి ఓనర్లవి అంటే ఏం పోయేది? ఊళ్లో సినిమా హాలు గేటు మనిషి చుట్టాలని లోపలికి తోసినట్టు ఉంటుందనిపించింది. ఉద్యోగం అడగబోయే చోట అలా కనపడకూడదు. ఆ నాలుగూ వాళ్లకే అమ్మేసి, అంకుల్ వాళ్లని వెనక వరుసల్లో ఎక్కడో సర్దుదాంలే అనుకున్నాను. సాయంత్రానికి అవీ అయిపోయాయి.

చెబుదామని పైకి వెళ్లాను. గుమ్మంలో హాలోవీన్ పిల్లలు. ఆంటీ చాక్లెట్లు పంచుతున్నారు. అంకుల్ ఒక బుడ్డోడి అస్థిపంజరం మాస్కు వేళ్లతో తడిమి "అమ్మో, ఎముకలన్నీ సరిగ్గానే ఉన్నాయే!" అంటున్నారు. వాడు విరగబడి నవ్వుతున్నాడు. ఆంటీ నా చేతిలోనూ ఒక చాక్లెట్ పెట్టారు. "రేపు పులిహోర నీకు కూడా తెస్తాలే" అన్నారు.

రేపు గేటు దగ్గర చూసుకోవచ్చు. టికెట్ కొన్నవాళ్లలో ఎవరో ఒకరు రాకుండా పోరు.

నవంబర్ 1, శనివారం

గెలిచాం. స్టాండ్స్ నిండిపోయాయి. లీగ్ ప్రెసిడెంట్ స్వయంగా వచ్చి చెయ్యి కలిపాడు.

అంకుల్ వాళ్లు గేటు దాకా వచ్చారట. టికెట్లు లేవని వెళ్లిపోయారట. నేను ఆ టైములో ప్రెసిడెంట్‌తో ఉన్నాను. నిశాంత్ వాకీటాకీలో అడిగాడు, చెప్పాల్సింది చెప్పాను.

మ్యాచ్ అయ్యాక తనీష్ హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు. "వేర్ ఈజ్ తాత?"

"చలి కదా, రాలేదేమో" అన్నాను.

నవంబర్ 2, ఆదివారం

గడియారాలు వెనక్కి తిప్పే రోజు. ఊరంతటికీ ఒక గంట ఉచితంగా వచ్చింది. గంట నేనేం చేసుకోను, నాకు ఒక రోజు కావాలి.

పైన తనీష్ గొంతు, అంకుల్ గొంతు వినిపించాయి. మధ్యలో ఉన్నది పల్చటి చెక్క, వినకుండా ఉండాలన్నా కుదరదు.

"యూ నెవర్ మిస్ ఎ గేమ్, తాతా."

"మోకాలు పట్టేసిందిరా నాన్నా. కదల్లేకపోయాను. నువ్వు భలే ఆపావటగా ఆఖర్లో?"

మోకాలట. నిన్న పొద్దున ఆ మోకాలితోనే రెండు మెట్లు ఒక్కసారి దిగి కారెక్కడం నేను కిటికీలోంచి చూశాను.

అంకుల్ ఎందుకు అబద్ధం చెప్పారు? పరువు కోసం అయి ఉంటుంది. గేటు దగ్గర నుంచి వెనక్కి పంపారని మనవడికి ఎవరు చెప్పుకుంటారు? నేనేమో చలి అన్నాను. రెండూ ఇంచుమించు కలిశాయి, ఎవరికీ అనుమానం రాదు. ఈ వాక్యం రాసి మళ్లీ చదువుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

నవంబర్ 3, సోమవారం

నిశాంత్ ఆఫీసుకి రాలేదు. మెసేజ్ పెట్టాడు: "అక్కా, ఫైనల్ గేట్ డ్యూటీ నేను చెయ్య. వేరేటోళ్లను చూస్కో."

నాలుగు గంటల పనికి ఇంత పౌరుషమా? నాకు ఫోన్ చేసి తిట్టినా బాగుండేది. రెండుసార్లు కాల్ చేశాను, ఎత్తలేదు.

నవంబర్ 4, మంగళవారం

నాన్న ఫోన్. హౌస్‌ఫుల్ అయిందని చెబితే మురిసిపోయాడు. హాలు మూతపడి మూడేళ్లయినా ఆ మాట వింటే ఆయనకి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

"మరి గేటు కాడికి మనోళ్లు అచ్చినప్పుడు ఏం జేత్తున్నవ్ బిడ్డా? నాకు గదే పెద్ద తలనొప్పి ఉండె."

"ఈడ మనోళ్లు ఎవరున్నరు నాన్నా."

"అదీ నిజమే తియ్" అన్నాడు.

నవంబర్ 5, బుధవారం

ఇవాళ పిలుపు రాలేదు. సాయంత్రం తలుపు తీస్తే మెట్టు మీద డబ్బా ఉంది. వంకాయ కూర. మూత ఎప్పటిలాగే గట్టిగా పెట్టి ఉంది, పైన రెండు చపాతీలు రేకులో చుట్టి ఉన్నాయి. తలుపు కొట్టలేదు. ఆంటీకి ఒంట్లో బాగుండకపోయి ఉంటుంది.

కూర తినలేకపోయాను. తినకుండా పారేయలేకపోయాను. ఫ్రిజ్‌లో పెట్టాను.

'వచ్చారట, వెళ్లిపోయారట' అని రాశాను శనివారం. ఎవరో నాకు వచ్చి చెప్పినట్టు. నా డైరీకి నేనే కథలు చెబుతున్నాను. జరిగింది రాస్తాను, ఇది ఎవరూ చదవరు.

ప్రెసిడెంట్, మేగన్ నాకు అటొకరు ఇటొకరు నిలబడి ఉన్నారు. వాకీటాకీలో నిశాంత్ తెలుగులో అడిగాడు. మేమిద్దరం ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడుకుంటాం. చుట్టూ ఉన్నవాళ్లకి అర్థం కాదు, అదొక హాయి. బస్సులో, క్లాసులో, ఆఫీసులో ఎవరి ముందు ఎవర్ని ఏమన్నా చెల్లిపోతుంది.

"అక్కా, త్యాగరాజు సార్ వాళ్లు అచ్చిండ్రు. టికెట్లు నీకాడ ఉన్నయంటున్నరు. లోపలికి పంపియ్యనా?"

పంపించు, ముందు వరుస పక్కన నాలుగు కుర్చీలు వెయ్యి అంటే సరిపోయేది. కుర్చీలు నా వెనకే మడిచి పెట్టి ఉన్నాయి. కానీ మేగన్ కనుబొమలెత్తి నా వైపే చూస్తోంది. ఆ నాలుగు సీట్లూ ఎవరివీ కావని తనకి చెప్పింది నేనే. నేను నవ్వుముఖం పెట్టి, పార్కింగ్ గురించి మాట్లాడుతున్నట్టు, తెలుగులో ఇలా అన్నాను:

"టికెట్ లేకుంటే ఎవర్నీ పంపకు. సీజనంత ఫ్రీగ అచ్చి కూసునేటోళ్లే గద, ఒక్కనాడు ఇంట్ల ఉంటే ఏం బోతది? ఆయనకు కనవడేది గూడ ఏం లేదు, ఏడ కూసున్నా ఒక్కటే. నేను బిజీ ఉన్న అని చెప్పు."

మేగన్ "ఎవ్రీథింగ్ ఓకే?" అంది. "పార్కింగ్" అన్నాను.

ఇదీ నేనన్న మాట. బకెట్‌లో ప్రతి మ్యాచ్‌కీ అందరికంటే ముందు ఇరవై నోటు వేసేది ఆంటీ అని నాకు తెలుసు. బకెట్ పట్టుకున్నది నేనే కదా.

ఒక్కటే నయం. విన్నది నిశాంత్ ఒక్కడే. గేటు వాళ్లందరికీ చెవిలో పెట్టుకునే ఇయర్‌పీసులు ఇచ్చాం, వాకీటాకీ మాట బయటికి వినపడదు. వాడు అంకుల్‌తో "అక్క బిజీగా ఉంది" అని మర్యాదగా చెప్పే ఉంటాడు. వాడు మంచి పిల్లాడు. అంకుల్ వాళ్లకి తెలిసింది టికెట్లు లేవని మాత్రమే. అది రూల్. రూల్‌కి ఎవరూ బాధపడరు.

నవంబర్ 6, గురువారం

ఫైనల్‌కి సామాన్లు సర్దాను. వాకీటాకీల పెట్టెలో ఇయర్‌పీసులు లెక్క చూసుకుంటే ఒకటి ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా ఉంది. మెయిన్ గేటు అని దాని మీద నా చేతిరాతే.

వాడు తీసుకోవడం మరిచిపోయి వేరేది వాడి ఉంటాడు. వేరేవి కూడా అన్నీ ఉన్నాయి. ఏదో ఒకటి వాడే ఉంటాడు. సౌండ్ తగ్గించి చెవి దగ్గర పెట్టుకుని ఉంటాడు. గేటు దగ్గర గోలగోలగా ఉంటుంది, ఏమీ వినపడదు.

వినపడదు.

నవంబర్ 7, శుక్రవారం

ఉదయం లేవగానే నా పేరు మీద, నా కార్డు మీద నాలుగు టికెట్లు కొన్నాను. మిగిలినవి అవతలి చివర గోలు దగ్గర రెండో వరుసలోవి. నేను పెట్టిన మెట్ల రేటు నా నెత్తినే పడింది, ఒక్కోటీ అరవై దాటింది. ఈ నెల వాల్‌మార్ట్ షిఫ్టుల జీతం అటే పోయింది. బాధ లేదు. అసలు కొంచెం తేలికగా కూడా అనిపించింది. ఇంత సులువా అనుకుంటూ మెట్లెక్కాను.

తలుపు తీసింది ఆంటీ. లోపలికి రమ్మన్నారు, కాఫీ ఇస్తానన్నారు. ఎప్పటిలాగే అన్నారు, కాకపోతే 'తల్లీ' అనలేదు.

"రేపటికి టికెట్లు తెచ్చాను ఆంటీ. పోయిన వారం పొరపాటైపోయింది, చాలా..."

"మేం కొనేసుకున్నామమ్మా. కోదండరామ్ గారు ఆన్‌లైన్‌లో కొనిపెట్టారు, నలుగురికీ. గోలు పక్కన ముందు వరుసే దొరికిందట. ఊరికే వచ్చి కూర్చోవడం మాకు మాత్రం బాగుంటుందా?"

ఊరికే వచ్చి కూర్చోవడం.

కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను. ఆంటీ స్టవ్ వైపు తిరిగిపోయారు. అది మామూలుగా ఎవరైనా అనే మాటే. అంకుల్ సోఫాలోంచి "ఎవరూ, వర్షిణేనా? రా అమ్మా, కూర్చో" అన్నారు, ఎంతో ఆప్యాయంగా. నేను క్లాసుందని చెప్పి దిగిపోయాను. ఇవాళ క్లాస్ లేదు.

నవంబర్ 8, శనివారం

రాసేయాలి, లేకపోతే మళ్లీ నాకు నేనే ఏదో ఒకటి చెప్పుకుంటాను.

పొద్దున్నుంచీ సన్నగా మంచు. మెయిన్ గేటు దగ్గర నేనే నిలబడ్డాను. అంకుల్‌ని చెయ్యి పట్టుకుని కోదండరామ్ గారు తీసుకొచ్చారు, వెనక లక్ష్మమ్మ గారు దుప్పట్లతో. ఆంటీ లేరు. అంకుల్ కోటు జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీశారు. ఫోన్లో చూపిస్తే చాలు, ఆయన ప్రింట్ తీయించుకుని తెచ్చారు. స్కాన్ చేశాను. ఆయన టికెట్ నా చేత్తో నేను స్కాన్ చేశాను, అది బీప్ అంది.

"ఆంటీ రాలేదా అంకుల్?"

"చలికి తట్టుకోలేనంది." కాగితాలు మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆవిడ సీటు ఖాళీగా ఉందమ్మా. నువ్వు వచ్చి కూర్చోరాదూ? నాకు చూసి చెప్పే మనిషి కావాలి. వీళ్లిద్దరూ ఆట చూస్తే నోట మాట రాని రకం."

లక్ష్మమ్మ గారు నా వైపు చూడలేదు.

గేటు వదలకూడదు. మేగన్ లోపల ప్రెసిడెంట్‌తో ఉంది. పక్కనున్న వాలంటీర్ చేతిలో స్కానర్ పెట్టి ఆయన వెంట వెళ్లాను.

సీజనంతా ఈ గ్రౌండ్‌లోనే ఉన్నాను, ఒక్క మ్యాచ్ కూడా కూర్చుని చూడలేదని అప్పుడు తెలిసింది. నాకు ఆట రాదు. "ఒకడు కర్రకున్న వలలో బాల్ పెట్టుకుని పరిగెత్తుతున్నాడు అంకుల్. నీలం చొక్కా. కింద పడ్డాడు. లేదు, పడేశారు. అది తప్పు కాదా?" అంకుల్ నవ్వారు. "కాదమ్మా, అది ఆటే. తనీష్ ఎటున్నాడు?" ఎదురుగానే ఉన్నాడు, ఇరవై అడుగుల దూరంలో. "బాల్ లెఫ్ట్! లెఫ్ట్! స్లయిడ్!" అని వాడు అరిచినప్పుడల్లా అంకుల్ తల పాట వింటున్నట్టు కొంచెం వంగేది. దగ్గర నుంచి వింటే వాడి గొంతు బొంగురుపోయి ఉంది. నాలుగేళ్లుగా ఆ గొంతు వినడానికి వస్తున్నారు ఈయన. కనవడేది ఏం లేదు, ఏడ కూసున్నా ఒక్కటే అన్నాను నేను.

క్వార్టర్ అయింది. టీములు వైపులు మారాయి. అంకుల్ అలవాటుగా లేవబోయి మళ్లీ కూర్చున్నారు. "నంబర్ సీట్లు కదూ. మరిచిపోయాను" అన్నారు.

"లేవండి అంకుల్" అన్నాను. నా జేబులో నాలుగు టికెట్లున్నాయి, అవతలి చివరవి. దుప్పట్లు నేను ఎత్తుకున్నాను, ఫ్లాస్కు కోదండరామ్ గారు. నలుగురం గ్రౌండ్ పక్క నుంచి నడిచాం. రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని మేం దాటేదాకా ఆగాడు. దారిలో వాకీటాకీలో మేగన్. "వర్షిణీ, వేర్ ఆర్ యూ? ఐ నీడ్ యూ ఎట్ ద గేట్." రెండోసారి కూడా అంది. ఆఫ్ చేసేశాను. ఆ పని వారం కిందట చేయాల్సింది.

మళ్లీ ఇటు, మళ్లీ అటు. ఆఖరి క్వార్టర్‌కి స్కోరు సమానం. అవతలివాళ్ల డప్పులు, అరుపులు. నా గొంతు ఆయనకి వినపడదేమోనని చెవి దగ్గరికి వంగి అరుస్తున్నాను. "అంకుల్, వినిపిస్తోందా? గట్టిగా చెప్పనా?"

"అక్కర్లేదమ్మా" అన్నారు. గ్రౌండ్ వైపే చూస్తున్నారు, చూస్తున్నట్టు. "నీ గొంతు దూరం నుంచి కూడా బాగా వినపడుతుంది. ఆ రోజు ఆ అబ్బాయి చేతిలో ఉన్న డబ్బాలోంచి కూడా ప్రతి మాటా స్పష్టంగా వినపడింది."

చెబుతున్నది ఆపేశాను. ముందు వరుసలో ఎవరో లేచి అడ్డంగా నిలబడ్డారు, కూర్చోమని కూడా అనలేదు. తెలుగులో అంటే ఎవరికీ అర్థం కాదని అన్నాను. ఈ ఊరు మొత్తంలో ఆ మాటలు వినకూడని నలుగురూ సరిగ్గా ఆ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఆంటీ కూడా..."

"ఆవిడకి నాకంటే చెవులు బాగా పనిచేస్తాయి." నా చేతి మీద చెయ్యి వేశారు. చల్లగా ఉంది ఆ చెయ్యి. "సర్లే. బాల్ ఎవరి దగ్గరుంది? ఆపకమ్మా, చెప్పు."

చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. తెల్ల చొక్కా అంకుల్, పొడుగ్గా ఉన్నాడు, ఇటే వస్తున్నాడు, మనవాళ్లిద్దరు అడ్డం పడ్డారు, వాడు తప్పించుకున్నాడు, కొట్టాడు. తనీష్ అందుకోలేకపోయాడు. నేను చెప్పకముందే ఆయనకి తెలిసిపోయింది, తనీష్ గొంతు ఆగిపోయింది కదా.

ఒక్క గోలుతో ఓడిపోయాం.

తనీష్ హెల్మెట్ తీసి కంచె దగ్గరికి వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. తాత తల తన భుజానికి ఆన్చుకుని అలాగే చాలాసేపు ఉన్నాడు. తర్వాత, "ఎట్ లీస్ట్ యువర్ నీ ఈజ్ ఓకే టుడే" అన్నాడు.

అంకుల్ "ఆ, తగ్గిందిరా" అన్నారు వెంటనే. నాకోసం రెండోసారి అబద్ధం.

"మోకాలు కాదు తనీష్" అన్నాను. నాకు నా గొంతు వేరేవాళ్లదిలా వినిపించింది. "సెమీఫైనల్‌కి తాత వచ్చారు. గేటు దగ్గర దాకా వచ్చారు. నేనే లోపలికి రానివ్వలేదు. నీతో చలి అని అబద్ధం చెప్పాను."

వాడు నా వంక చూశాడు. కోపం కూడా రాలేదు వాడికి, అర్థం కానట్టు చూశాడు. "వై?"

టికెట్ లేదు కాబట్టి అనబోయాను. అదీ నిజం కాదు. వాళ్ల టికెట్లు నా దగ్గరే ఉండేవి, నేనే అమ్మేశాను.

"పదండి, చలేస్తోంది" అన్నారు అంకుల్.

మేగన్ గేటు దగ్గర ఎదురుపడింది. సోమవారం మాట్లాడదాం అంది. గొంతులో ఏ భావమూ లేదు. సరే అన్నాను.

నవంబర్ 9, ఆదివారం

ఫ్రిజ్‌లో వంకాయ కూర పాడైపోలేదు. వేడి చేసుకుని అంతా తిన్నాను. డబ్బా కడిగి తుడిచాను.

నిశాంత్‌కి మెసేజ్ పెట్టాను, నువ్వు చేసింది కరెక్ట్, తప్పు నాది అని. చూశాడు.

డబ్బా పట్టుకుని మెట్లెక్కి తలుపు కొట్టాను. ఈ ఇంట్లో ఇన్నాళ్లలో పిలవకుండా పైకి వెళ్లింది ఈ పది రోజుల్లోనే. మొన్న టికెట్లు ఉన్నాయి చేతిలో, ఇవాళ ఖాళీ డబ్బా.

ఆంటీ తలుపు తీశారు. డబ్బా తీసుకోవడానికి చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు, గట్టిగా పట్టుకునే ఉన్నాను. ఇచ్చేస్తే ఆవిడ తలుపు వేసేసుకుంటారని భయం.

"ఆంటీ, ఆ రోజు నేనన్న మాటలు..."

"విన్నానులే" అన్నారు.

"మీరు విన్నారని తెలుసు. మీకు నా నోటితో మళ్లీ చెబుదామని వచ్చాను. ఆ మాటలన్నీ."

ఆవిడ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. లోపల కుక్కర్ ఒక విజిల్ వేసింది. అంకుల్ సోఫాలో ఫోన్ వార్తలు ఆపేశారు.

"చెప్పు" అన్నారు ఆంటీ. లోపలికి రమ్మనలేదు.

గుమ్మంలో నిలబడే చెప్పాను. సీజనంత ఫ్రీగ అచ్చి కూసునేటోళ్లు అన్నది చెప్పాను. ఆయనకు కనవడేది ఏం లేదు అన్నది చెప్పాను. ఒక్క మాట కూడా మార్చలేదు.